బస్సు ఎవరి కోసం?

"ఏం సారూ, ఇన్ని బస్సులు తిప్పుతున్నారే, గాంధీచౌక్‌లో రద్దీ వీసమెత్తయినా తగ్గిందా? తగ్గనప్పుడు ప్రజల సొమ్ము తగలెయ్యడం ఎందుకు?" అని మొన్న మా కళాశాలలో ఒక మిత్రుడు నిలదీశాడు. ఆయన కారులో వస్తాడు. నేను బోధన్ నుంచి బస్సులో వస్తాను. మా అభిప్రాయభేదానికి మూలం అక్కడే వున్నది.

ఆ ప్రశ్న అడుగున ఒక కోరిక దాగి వున్నది: జనమంతా బస్సెక్కితే తన కారుకు దారి ఖాళీ కావాలని. అంటే బస్సు ఎక్కనివాడి సుఖం కోసమన్నమాట!

ఆ సుఖమూ దక్కదు. దారి కాస్త ఖాళీ అయితే, రద్దీకి జంకి ఇంట వుంచిన బండ్లు బయటికొస్తాయి. కొత్త రహదారులు సైతం రద్దీవేళ ఇలాగే నిండిపోతాయని అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే చెప్పాడు. హైదరాబాదులో 2017లో మెట్రో వచ్చింది. అమీర్‌పేటలో దాని కింద బండ్లు నేటికీ బారులు తీరుతున్నాయి. అంతమాత్రాన మెట్రో వ్యర్థమా? పైన పోయేవారు పనికి వేళకు చేరుతున్నారు. రద్దీయే తగ్గాలంటే బండ్ల మీద రుసుము వెయ్యాలి. లండన్ నడిబొడ్డున 2003లో వేశారు. ఆ మాటెత్తితే మా మిత్రుడు మౌనం వహించాడు.

నిజాం ప్రభుత్వ రైల్వే 1932లో 27 బస్సులతో సర్వీసు ప్రారంభించింది. నాడు తగ్గించవలసిన రద్దీ ఎక్కడిది? మనుషులను చేరవేయడానికే బస్సు పుట్టింది.

ఇక మా బోధన్ సంగతి. 1937లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. శక్కర్‌నగర్‌లో తండ్రులు నడిచి పనికి పోయిన ఇళ్ళ పిల్లలు, నేడు పని కోసం పాతిక కిలోమీటర్ల పైచిలుకు దాటి నిజామాబాదు రావాలి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఛార్జీ లేదు. అంతకుముందు వారానికి మూడు రోజులే తరగతికి వచ్చిన ఎడపల్లి అమ్మాయి ఒకతె, ఇప్పుడు ఆరు రోజులూ వస్తున్నది. రద్దీ లెక్కల్లో ఈ పిల్లను ఏ గడిలో వేస్తారు?

బస్సులు కిక్కిరిసిపోతున్నాయన్నది నిజమే. నేనూ నిలబడే వస్తున్నాను. అది మరిన్ని బస్సులు కావాలనడానికి సాక్ష్యం గాని, వున్నవి దండగనడానికి కాదు.

గ్రంథాలయం పెట్టింది పుస్తకాల అంగడిలో గుంపు తగ్గించడానికా? బస్సును కొలవదలచినవారు కారు కిటికీలోంచి చూడడం మాని, ఒకరోజు ఉదయం బోధన్ బస్టాండులో నిలబడాలి. ఎవరు ఎక్కారో, ఎవరు ఎక్కలేక మిగిలారో లెక్కపెట్టాలి.