పటమునకు పదును



మా అత్తగారు కాలధర్మము నొంది సంవత్సరము కావచ్చినది. ఆబ్దికమునాటికి గోడకు తగిలింప నొక పెద్ద పటము కావలసి, ఆమె తులసికోటకడ దీపము పెట్టుచుండగా మా మరిది తీసిన చిత్రము నొక స్టూడియోవారి కిచ్చితిమి. వారు తెచ్చిన పటమును చూచి మామగారు మాటాడక లోనికి పోయిరి. ముఖమందలి ముడుతలు బీటలువారిన చేనివలె నున్నవి. నెరసిన జుట్టు చుట్టును సున్నముతో గీచినట్లొక తెల్లని గీత. “పదును బాగుగా పట్టించితి”మని వారి మాట.

ఉపాధ్యాయుని యిల్లు గనుక, కష్టము వచ్చినచో ముందు పుస్తకము వెదకుట మా యాచారము. తెలిసిన దేమనగా: మరిది కెమేరా ప్రతి చిత్రమును రెండు విధముల దాచినది. ఒకటి జేపెగ్, రెండవది రా ఫైలు, అనగా ముడి చిత్రము. జేపెగ్ వండిన యన్నము. ముడి చిత్రము బియ్యము. అన్నమునుండి మరల బియ్యము రాదుగదా! జేపెగ్ చేయునపుడే కెమేరా కొంత పదును పెట్టును. స్టూడియోవారు దానిపై మరల పెట్టిరి. అందుచే నా తెల్లగీత.

కెమేరాలోని పలకపై లక్షలకొలది చిన్న గదులుండును. ఒక్కొక్క గది యొక్క వర్ణమునే గ్రహించును: నాలుగింట రెండు ఆకుపచ్చ, ఒకటి యెరుపు, ఒకటి నీలము. కోడాక్ సంస్థలోని బ్రైస్ బేయర్ ఈ యమరికకు 1976లో పేటెంటు పొందెను. ప్రతి గదికి కొరవడిన రెండు వర్ణములను, ఇరుగుపొరుగు గదులను చూచి కంప్యూటరు లెక్కగట్టును. ఇరుగుపొరుగువారి మాటపై నాధారపడినపుడు కొంత మెత్తదనము తప్పదు. పదును కావలసివచ్చుట కదియు నొక హేతువు. ముడి చిత్రమున వెలుగుకు 4,096 మెట్లో, 16,384 మెట్లో యుండగా జేపెగ్‌నందు 256 మాత్రమే. కావుననే తులసికోట వెనుకటి చీకటిని ముడి చిత్రమునుండి మెల్లగా తేర్చగలిగితిని. దీపపు పసుపు వన్నె మితిమీరియుండగా దానిని సవరించుకొంటిని.

ఇక పదును. అది లేని రూపును తెచ్చునది కాదు. రెండు వన్నెలు కలియు నంచున నలుపువైపు మరికొంత నలుపు, తెలుపువైపు మరికొంత తెలుపు చేర్చుట యంతియే. మూలమునుండి దాని మసకప్రతిని తీసివేసి, మిగిలిన భేదమును మూలమునకు కలుపుదురు. ఫిలిము కాలపు చీకటిగదులలోనే యీ యుపాయము కలదు. ఎంత కలుపవలె, అంచున కెంత దూరము, ఎంత స్వల్ప భేదమును విడిచిపెట్టవలె నను మూడే కొలతలు.

వెల లేకుండ దొరకు రాథెరపీ యను సాధనమును తెచ్చుకొంటిని. ముందు రంగు, పిదప వెలుగు, పిదప చీకటిచోట్ల నలుసులు తగ్గించుట, పిదప పటమునకు తగిన పరిమాణము, పదును కట్టకడపట. అంచుదూరము నొక పిక్సెలుకు లోబడియే యుంచితిని. తెరపై చిత్రమును నూటికి నూరుపాళ్లు పెద్దది చేసి చూచుకొననిదే కొలత తెలియదు. కన్నులకు, చీర యంచునకు, ప్రమిదకు పట్టించి చెక్కిళ్లను విడిచితిని.

వత్తి నెగద్రోయు చేయి మాత్రము కదలి మసకబారియున్నది. ఎంత పదును పెట్టినను కదలిన చేయి నిలువదు. రెండు రాత్రులు యత్నించి మానుకొంటిని.

కొత్త పటమును మామగారు చాలసేపు చూచి, “ఆ చేయి యెప్పుడు నిలిచినది గనుక!” అనిరి. పటము పడమటింట నున్నది. ముడి చిత్రమును రెండుచోట్ల దాచితిమి.