నమూనా ధూమశకటానికి ఎవరి గొంతు?

బహ్రెయిన్‌లో రైలుమార్గం లేదు. మనామాలో పెరుగుతున్న మన పిల్లలకు ఆవిరి యంత్రాన్ని ఇంట్లోనే పరిచయం చేయాలంటే నమూనా రైలే శరణ్యం. దానికి ధ్వని డీకోడరు అమర్చితే అది కూత కూడా వేస్తుంది. అయితే ఆ కూత ఏ దేశపు యంత్రానిదని మనం అడగడం లేదు. అడగాలని నా అభిప్రాయం.

డీకోడరు ఒక చిన్న సర్క్యూటు. పట్టాల గుండా విద్యుత్తుతో పాటు వచ్చే ఆదేశాలను గ్రహించి మోటారు వేగాన్ని నియంత్రిస్తుంది; తనలో దాచిన ధ్వనులను స్పీకరుకు పంపుతుంది. బిగించే ముందు మోటారు రెండు కొసలనూ చట్రం నుంచి, పట్టాల నుంచి పూర్తిగా వేరుచేయాలి. లేకుంటే డీకోడరు కాలిపోతుంది. స్పీకరుకు మూసిన డబ్బా అవసరం. అది లేనిచో ముందువైపు తరంగాలను వెనుకవైపు తరంగాలు హరించి ధ్వని పీలబడుతుంది. సాధారణంగా టెండరులో, బొగ్గు కుప్ప కింద, చోటు దొరుకుతుంది.

అసలు చిక్కు లయలో ఉంది. రెండు సిలిండర్ల యంత్రంలో ఆవిరి ప్రతి పిస్టనునూ ఇరువైపుల నుంచీ నెడుతుంది. కనుక చక్రం ఒకసారి తిరిగితే నాలుగు 'ఛుక్'లు. మన బ్రాడ్‌గేజి ప్రయాణికుల బళ్లను లాగిన డబ్ల్యు.పి. తరగతి యంత్రపు చోదక చక్రం వ్యాసం సుమారు 1.7 మీటర్లు. గంటకు 20 కి.మీ. వేగంలో సెకనుకు సుమారు నాలుగు ఛుక్‌లు, 60 కి.మీ. వద్ద పన్నెండు దాటుతాయి, ఇక లెక్కించలేము. డీకోడరు ఈ లయను మోటారు వేగాన్ని బట్టి అంచనా వేయగలదు. అయినా ఇరుసుకు అయస్కాంతాలు అమర్చి చక్రం నుంచే గ్రహింపజేయడం మేలు. చక్రానికీ చప్పుడుకూ పొత్తు కుదరని రైలు కంటే మూగరైలే నయం!

లయ కుదిరినా గొంతు పరాయిదైతే? అంగట్లో సులభంగా దొరికే ధ్వనులలో అధికభాగం అమెరికా, బ్రిటన్, జర్మనీ యంత్రాలవి. తొలి డబ్ల్యు.పి.లు 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారంలోనే తయారయ్యాయి గదా, అమెరికా గొంతు చాలదా అనేవారుంటారు. చాలదు. ధ్వనిని నిర్ణయించేది జన్మస్థలం కాదు. సిలిండర్ల, పొగగొట్టాల కొలతలు, ఈల నిర్మాణం.

చిత్తరంజన్‌లో ఆవిరి యంత్రాల తయారీ 1972లోను, బ్రాడ్‌గేజిపై వాటి నిత్యసేవ 1995లోను ముగిశాయి. 'అక్బర్' అనే డబ్ల్యు.పి.ని హర్యానాలోని రేవాడీ షెడ్డులో భద్రపరిచారు. విజయవాడ, కాజీపేట షెడ్లలో ఇటువంటి యంత్రాలతో పనిచేసిన డ్రైవర్లు, ఫైర్‌మన్లు ఇప్పుడు వయోవృద్ధులు. ఆ ధ్వని అసలుదో కాదో చెప్పగల చెవులు వారివే. సెలవులకు వెళ్లే అభిరుచిగల మిత్రులు అనుమతి తీసుకొని, నడిచే యంత్రం ధ్వనిని రికార్డు చేసి, ముందుగా ఆ పెద్దలకు వినిపించాలి. జర్మనీకి చెందిన లోక్‌సౌండ్ వంటి డీకోడర్లలో మన ధ్వనులను మనమే నింపుకోవచ్చు. నిలిచి ఉన్నప్పటి బుసలు, బయలుదేరేటప్పటి బరువైన ఛుక్‌లు, ఆవిరి కట్టేసి జారే చప్పుడు, ఈల – వీటిని వేర్వేరుగా తీసుకోవాలి. కలగాపులగంగా తీసిన ధ్వనిని తరువాత విడదీయడం దుస్సాధ్యం.