రేగడి మీద నింద మోపొద్దు!

కాల్వ కట్ట జారిందంటే చాలు, తప్పు నల్లరేగడిదే అంటరు, వానదే అంటరు. రేగడి గుణం ఇయ్యాల కొత్తగ తెలిసిందా? ఎండకు నెర్రెలు బారుతదని, తొలకరి నీళ్లు ఆ నెర్రెల్లకు దిగితే ఉబ్బి మెత్తబడుతదని నాగలి పట్టినోళ్లందరికీ ఎరుకే. ఏటేటా ఎండుతూ నానుతూ మట్టి బలం తగ్గుతది. కట్టినప్పుడు నిక్కచ్చిగ నిలబడ్డ వాలు ఏండ్లకు పైపొర పైపొరగ జారుతది. ఉబ్బిన మట్టి సిమెంటు లైనింగును పగలగొడుతది. ఆ పగుళ్లల్లకు మళ్లీ నీళ్లు!

మందు లేదా? బొంబాయి ఐఐటీ ఆచార్యుడు ఆర్.కె. కట్టి 1970లలోనే చెప్పిండు: రేగడికీ లైనింగుకూ నడుమ ఉబ్బే గుణం లేని జిగురు మట్టి పొర వేయాలె. పెద్ద కాల్వలకైతే మట్టి ఉబ్బు ఒత్తిడిని బట్టి 75 సెంటీమీటర్ల నుంచి మీటరు మందం ఉండాలని ఐఎస్ 9451 అంటది. పరీక్షకు నిలిచే మొరం దొరికితే అదే చాలు. దొరకకపోతే రేగడిలనే సున్నం కలపొచ్చు. వాలు తగ్గించాలె, లోపలి నీళ్లకు దారియ్యాలె.

అసలు కిటుకు వేరే ఉన్నది. లైనింగు పడ్డంక కింద పొర ఎంతున్నదో ఎవనికీ కనబడదు. బిల్లు మాత్రం మీటరుకు! అందుకే మేమడుగుతున్నం: జారిన ప్రతి చోటా తవ్వండి. ఆయకట్టు చివరి రైతుల ముందట టేపు పెట్టి కొలవండి. ఎం-బుక్కుల రాసిన మందం చదివి వినిపించండి.