వాసన వచ్చే చెట్టే దోషా?



చలికాలం మొదలైతే చాలు, విశాఖలో అందరూ ఏడాకుల పొన్న మీద పడతారు. హుద్‌హుద్ తుపాను తర్వాత రోడ్ల పక్కన నాటిన ఈ చెట్టు పూస్తే సాయంత్రానికి వీధంతా ఘాటు వాసన. తుమ్ములూ ఆయాసమూ దానివల్లేననీ, కొట్టేయమనీ అర్జీలు. ఆ వాసన పడనివాళ్లు ఉన్నారు, కాదనను. కానీ అది పరాగ సంపర్కానికి పురుగుల్ని నమ్ముకున్న చెట్టు. ఆ వాసన వాటిని పిలవడానికే. గాలిని నమ్ముకున్న మొక్కలకు పరిమళంతో పనిలేదు. మా రుషికొండ తీరంలోని సరుగుడు, అమ్ముడుపోని ప్లాట్లలో పెరిగే గడ్డి చడీచప్పుడు లేకుండా పుప్పొడిని గాలిలోకి వదులుతాయి. రెండూ ఎలర్జీ తెచ్చేవే. ఏ నెలలో ఏది ఎంత ఉందో చెప్పే రోజువారీ లెక్క మాత్రం నగర ప్రజలకు అందడం లేదు.

వాయు నాణ్యత సూచీ ఉందిగా అంటారు. అందులో ఉన్నవి ఎనిమిది కాలుష్యాలు, పుప్పొడి లేదు. పీఎం10 అంటే 10 మైక్రాన్లకు మించని ధూళి. గడ్డి పుప్పొడి రేణువు సాధారణంగా 20 మైక్రాన్ల పైమాటే. పోర్టు బొగ్గుపొడి మీద పోట్లాడుతున్నాం, పోట్లాడాల్సిందే. కానీ ధూళి కొలతతో పుప్పొడి సంగతి తేలదు.

దీనికి కావలసింది 1952లో హిర్స్ట్ రూపొందించిన పరికరం లాంటిది. నిమిషానికి 10 లీటర్ల గాలిని, ఇంచుమించు మనిషి పీల్చేంత, లాగుతుంది. లోపల జిగురు టేపు గంటకు 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. వారానికోసారి టేపు తీసి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాలి. అసలు ఖర్చు ఓపికగా కూర్చునే మనిషికే. ఆ విద్య ఇక్కడ కొత్త కాదు: గాలిని నమ్ముకున్న మొక్కల పుప్పొడిని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 1980ల్లోనే లెక్కగట్టి ప్రచురించారు.

చలిదేశాల పుప్పొడి పట్టికలు మనకు పనికిరావు. అక్కడ పూతకో రుతువుంది, ఇక్కడ ఏడాది పొడవునా ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. చండీగఢ్ తన పుప్పొడి క్యాలెండర్‌ను తానే తయారు చేసుకుంది. ప్రమాదమూ చిన్నది కాదు: 2016 నవంబరులో మెల్‌బోర్న్‌లో ఉరుముల గాలివాన గడ్డి పుప్పొడిని చిదిమి వెదజల్లితే వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు; పది మంది చనిపోయారు. ఉరుములు మనకేం తక్కువ?

కాలుష్య నియంత్రణ మండలి ఒక యంత్రాన్ని విశ్వవిద్యాలయం మేడ మీద, ఇంకోదాన్ని రుషికొండ వైపు పెట్టించాలి. ఆ లెక్కల్ని పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి ఓపీ రిజిస్టరుతో పోల్చాలి. కనీసం రెండేళ్లు చూశాక ఏ చెట్టు కొట్టాలో, ఏది నాటాలో నగరపాలక సంస్థ (జీవీఎంసీ) తేల్చుకోవచ్చు. ఈలోగా ఖాళీ స్థలాల్లో ఎలర్జీ తెచ్చే వయ్యారిభామ కలుపును పూతకు ముందే పీకించడానికి ఏ లెక్కా అక్కర్లేదు.

— ఒక పాఠకుడు, రుషికొండ, విశాఖపట్నం