శాతానికి అందని చెయ్యి

అన్నం కలుపుతుంది, చొక్కా గుండీలు పెడుతుంది, ఫోన్‌లో గబగబా మెసేజీలు కొడుతుంది. అదే చెయ్యి పెన్ను పట్టగానే మొరాయిస్తుంది. చూపుడువేలు బిగుసుకుపోతుంది, మణికట్టు మెలితిరుగుతుంది, నాలుగు లైన్లు దాటేసరికి రాసినవాడికే తన రాత అర్థం కాదు. డాక్టర్లు దీన్ని రైటర్స్ క్రాంప్ అంటారు. డిస్టోనియా అనే నరాల జబ్బులో ఇదొక రకం. ఇదే జబ్బు కొందరికి మెడను పక్కకు తిప్పేస్తుంది, కొందరికి కనురెప్పలు తెరవనివ్వదు. మెదడు నుంచి కండరాలకు వెళ్లే ఆజ్ఞలు తప్పుతాయి. స్కానింగ్‌లో చాలామందికి ఏమీ కనపడదు. ఇంకేం, టెన్షనని ఒకరు, బద్ధకమని ఒకరు, వేషాలని ఇంకొకరు తేల్చేస్తారు. బొటాక్స్ ఇంజక్షన్‌తో కొందరికి ఊరట దొరుకుతుంది కానీ అది సుమారు మూడు నెలల ముచ్చటే.

ఇలాంటి చేతికి వైకల్య శాతం ఎలా కడతారు? కీలు ఎంత వంగుతోంది, పట్టు ఎంత ఉంది అని చూస్తే అన్నీ సవ్యంగానే ఉంటాయి. (పట్టు ఎక్కువైపోవడమే కదా అసలు జబ్బు!) రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థికి ఢిల్లీ ఆసుపత్రి వేసిన లెక్క 6 శాతం. 40 లేదు కాబట్టి, చెబితే రాసిపెట్టే స్క్రైబ్‌ను ఇవ్వం అంది యూపీఎస్సీ. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. 40 శాతం గీత రిజర్వేషన్ల వంటివాటికే, రాయలేనివాడికి సాయం చేయడానికి అది అడ్డు కాకూడదంది. మరుసటి ఏడాది కేంద్రం ఇందుకు మార్గదర్శకాలిచ్చింది. అయినా చేతి డిస్టోనియా ఉన్న మరో అభ్యర్థి బ్యాంకు పరీక్షల కోసం మళ్లీ సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2025లో తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. ఒకసారి తేలిన హక్కు కోసం ప్రతి అభ్యర్థీ ఢిల్లీలో లాయర్‌ను పెట్టుకోవాలంటే అది హక్కెలా అవుతుంది?

మన దగ్గర వైకల్యాన్ని కొలిచే సదరం శిబిరంలో 40 శాతం రాకపోతే పింఛను రాదు. సరే, అది వేరే లెక్క. పరీక్ష హాలుకూ అదే కొలబద్ద పట్టుకొస్తేనే అన్యాయం. మన రెండు రాష్ట్రాల సర్వీస్ కమిషన్లు స్క్రైబ్‌కు 40 శాతం అక్కర్లేదని నోటిఫికేషన్‌లోనే స్పష్టంగా రాయాలి.

మీ ఇంట్లో పోటీ పరీక్షలకు చదివేవారికి రాస్తుంటేనే చెయ్యి వంకర పోతోందా? తిట్టకుండా న్యూరాలజిస్టుకు చూపించండి. రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ధ్రువపత్రం తీసుకోండి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 40 శాతం లేకపోయినా స్క్రైబ్‌ను అడగొచ్చు, గంటకు 20 నిమిషాల అదనపు సమయమూ ఉంది.