రక్షణ కణాలకూ తిండే బలం

టీబీ మందులు రాసిచ్చాక మా ఓపీలో ఎక్కువ మంది అడిగేది ‘పథ్యం ఏమైనా ఉందా సార్?’ అనే. ‘పథ్యమేమీ లేదు, బలమైన తిండి తినండి’ అంటాం. ఆ మాట వెనకున్న శాస్త్రం ఇప్పుడు మరింత స్పష్టమవుతోంది.

మామూలు సమయంలో మన రోగనిరోధక కణాలు ఆక్సిజన్‌ సాయంతో ఇంధనాన్ని పొదుపుగా వాడుకుంటాయి. క్రిమి ఎదురైతే చాలావాటి తీరు మారిపోతుంది. గ్లూకోజును ఎక్కువగా లాక్కుని, వేగంగా విడగొడతాయి. దీంతో శక్తి త్వరగా అందుతుంది, కొత్త కణాల తయారీకి ముడిసరుకూ దొరుకుతుంది. కణం ఇంధనాన్ని వాడుకునే తీరును బట్టే దాని పోరాటం ఉంటుందన్నమాట. దీన్ని శోధించే రంగమే ఇమ్యునోమెటబాలిజం.

మరి రక్తంలో గ్లూకోజు ఎక్కువుంటే రక్షణా ఎక్కువుండాలి కదా? జరిగేది దీనికి విరుద్ధం. షుగర్‌ అదుపు తప్పితే కణాలు టీబీ క్రిమిపై ఆలస్యంగా స్పందిస్తాయి. ఆ తర్వాత అతిగా స్పందించి ఊపిరితిత్తులనే దెబ్బతీస్తాయి. అందుకే మధుమేహం ఉన్నవారికి టీబీ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. తిండి చాలనివారిలోనూ టి-కణాలు బలహీనపడతాయి.

షుగర్‌ మాత్ర మెట్‌ఫార్మిన్‌ టీబీని అదుపు చేయటంలో తోడ్పడుతుందని 2014లో ఎలుకలపై పరిశోధన ఆశ రేపింది. మన దేశంలో టీబీ మందులతో కలిపి ఇచ్చి చూస్తే వాపు తగ్గింది గానీ, కళ్లెలోని క్రిములు త్వరగా పోలేదు. కాబట్టి టీబీ కోసం ఈ మాత్రను సొంతంగా వేసుకోవద్దు.

గట్టి ఫలితం చూపింది తిండే. 2019-22లో ఝార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలోని మిగతావారికి నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్‌ మాత్రలు ఇచ్చారు. పెద్దలకైతే తలకు 5 కిలోల బియ్యం, 1.5 కిలోల పప్పు. రోగికి మాత్రమే ఆహారం ఇచ్చిన ఇళ్లతో పోలిస్తే వీరిలో కొత్త టీబీ కేసులు 39 శాతం తగ్గాయి. 2023లో లాన్సెట్‌ దీన్ని ప్రచురించింది.

ని-క్షయ్‌ పోషణ్‌ యోజన కింద రోగికి నెలకు ఇచ్చే రూ.500 సాయాన్ని 2024 నవంబరులో రూ.1,000 చేశారు. మంచిదే. అయితే ఇంట్లోవారి ఆహార కిట్లకు ఇప్పటికీ ని-క్షయ్‌ మిత్ర దాతలే దిక్కు. దాత దొరికిన ఇంటికే కాకుండా ప్రతి టీబీ ఇంటికీ వీటిని ఇవ్వాలి.

మీరు చేయగలిగినవీ ఉన్నాయి. టీబీ అని తేలితే షుగర్‌ పరీక్షా చేయించుకోండి. షుగర్‌ ఉండి, రెండు వారాలకు మించి దగ్గు వేధిస్తుంటే కళ్లె పరీక్ష మానొద్దు. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగలు రోగికే పరిమితం చేయకండి, ఇంటిల్లిపాదీ తినండి.