కారులో గాలిజల్లెడ

కారున్న ప్రతివాడూ దానిలోని ఏసీ ఫిల్టరును తన చేతులతో తానే మార్చుకోవాలని నా అభిప్రాయం. ఈ మాట విని ఒక మిత్రుడు, "మాష్టారూ, ఛందస్సు చెప్పుకోక మీకీ మెకానిక్కు పనులెందుకండీ?" అన్నారు. ఆయనకిచ్చే సమాధానమే ఈ టపా. మా చీడికాడ వంటి ఊళ్ళవారు కాస్త శ్రద్ధగా చదువగోరుతాను.

ముందుగా పేరు సంగతి. ఇంజనుకు పోయే గాలిని వడకట్టేది ఒకటి, మనుషులు కూర్చునే చోటికి వచ్చే గాలిని వడకట్టేది మరొకటి. ఈ రెండవదానిని కంపెనీలవారు క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్ అంటారు, దుకాణాలలో ఏసీ ఫిల్టర్ అంటారు. మన బ్లాగరులలో పదసృష్టి మీద మక్కువ గలవారు అనేకులు. నేనూ ఆ కోవలోని వాడినే. అయినా "ప్రకోష్ఠ వాయుశోధకం" ఇమ్మని అడిగితే దుకాణదారు మనకు మందుల కొట్టు చూపిస్తాడు. కనుక నేను ఇంట్లో గాలిజల్లెడ అనీ, కొట్టులో ఏసీ ఫిల్టర్ అనీ అంటూ కాలక్షేపం చేస్తున్నాను.

నీటిని గుడ్డతో వడకట్టి త్రాగమని మనుస్మృతి యతిధర్మాలలో చెప్పింది. గాలిని వడకట్టుకొమ్మని చెప్పవలసిన అవసరం ఆనాడు రాలేదు. అంబాసిడర్ల కాలంలోనూ రాలేదు. కిటికీ అద్దం దించితే దుమ్ము ఎటు వచ్చిందో అటే పోయేది. ఇప్పుడు అద్దాలు బిగించుకుని, ఆ చిన్న గదిలోకి యంత్రం పంపిన గాలినే పీలుస్తున్నాము. ఆ గాలికి కావలి మడతలు పెట్టిన ఒక్క పలుచని పలక. అది మన కంటికి కనబడదు గనుక ఎవరికీ గుర్తుండదు.

కంపెనీలు ఇచ్చే పుస్తకాలలో దీనిని ఇన్ని వేల కిలోమీటర్లకో, ఏడాదికో మార్చమని ఉంటుంది. దుమ్ము దారులలో తిరిగేవారు ఇంకా ముందే మార్చాలని కూడా ఉంటుంది గాని, ఆ వాక్యం దాకా ఓపికగా చదివేవారు తక్కువ. కిలోమీటర్ల లెక్క నున్నని రహదారి మీద పోయేవారికి. మేము 2022లో విశాఖ జిల్లా నుండి అనకాపల్లి జిల్లాలోకి మారాము, దుమ్ము మాత్రం మారలేదు. భీమిలి – నర్సీపట్నం దారిలో ఒక కంకర లారీ వెనుక అరగంట నడిచిన కారు, హైవే మీద ఎన్ని వందల కిలోమీటర్ల దుమ్మును తిన్నట్టో చెప్పలేము. దానికి తోడు చెరకు కాలంలో బెల్లం పొయ్యిలలో పిప్పి మండిన పొగ. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు దాటని నా కారులోని ఫిల్టరు ఆరు నెలలకే బూడిదగుమ్మడి రంగు తేలుతుంది. కాబట్టి మా ప్రాంతంలో కిలోమీటర్లు కాదు, కన్ను ప్రమాణం. కంటితో చూడాలంటే తెరవాలి. తెరవడం వచ్చినవాడికి మార్చడం వేరే విద్య కాదు.

చాలా కార్లలో ఇది ఎడమవైపు ముందు సీటుకు ఎదురుగా, డాష్‌బోర్డు అర వెనుక ఉంటుంది. అరలోని సామాను తీసివేసి, దాని రెండు పక్కలనూ లోపలికి మెల్లగా నొక్కితే అది పూర్తిగా క్రిందికి వాలుతుంది. కొన్నిటికి పక్కన సన్నని తాడు వంటిది ఉంటుంది, దానిని ముందు తప్పించాలి. వెనుక పొడవాటి మూత కనబడుతుంది. చివర ఉన్న పట్టును నొక్కి మూత తీసి, పలకను నిదానంగా ముందుకు లాగాలి. విసురుగా లాగితే ఏడాది దుమ్మూ ఒడిలో పడుతుంది. పలక అంచున బాణపు గుర్తు ఉంటుంది. అది గాలి పోయే దిక్కు. పాతదానికి ఎటు ఉన్నదో చూసుకుని క్రొత్తదానిని అటే పెట్టాలి. స్క్రూడ్రైవరు కూడా అక్కరలేని పని, పది నిమిషాలు చాలు. కొన్ని కార్లలో స్థానం వేరు. అది ఆ పుస్తకంలోనే ఉంటుంది.

కడిగి మళ్ళీ పెట్టుకోవచ్చునని కొందరంటారు. కడిగి వాడేందుకే చేసిన రకమైతే సరే, మామూలు రకానికి ఆ పని కూడదు. చాలా ఫిల్టర్లలో దారాలకు తయారీలోనే స్వల్పంగా విద్యుదావేశం ఇస్తారు, సన్నని ధూళి దానికి అంటుకుంటుంది. నీళ్ళలో తడిస్తే ఆ శక్తి సన్నగిల్లుతుంది. పంక్చరు కొట్టులో గాలి కొట్టిస్తే మడతలలో కంటికి కనబడని చిరుగులు పడవచ్చు. మూడు నాలుగు వందల రూపాయల వస్తువు దగ్గర ఇంత పొదుపు ఎందుకు?

ఎలుకల సంగతి చెప్పకపోతే మా ఊరి మాట పూర్తి కాదు. చెట్టు క్రింద నాలుగు రోజులు కదలకుండా నిలిపిన కారులో ఈ పలక వాటికి మెత్తని పరుపు. ఏసీ వేయగానే ముక్కవాసన వస్తే సెంటు సీసా కొనకండి, అర తెరిచి చూడండి.

దుమ్ము నిండిన ఫిల్టరు వలన తుమ్ములు మాత్రమే వస్తాయనుకోవద్దు. గాలి రావడమే తగ్గిపోతుంది. మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. వానలో, మంచులో అద్దం లోపలివైపు ఆవిరి పట్టినప్పుడు దానిని పోగొట్టేది అద్దం మీదికి బలంగా కొట్టే గాలే. ఫిల్టరు మూసుకుపోతే ఆ గాలి నీరసపడుతుంది, మలుపులో ఎదురు బస్సు మసకగా కనబడుతుంది. నేను అందరినీ ఇంతగా పోరడానికి అసలు కారణం ఇదే.

దీని శక్తికి హద్దులున్నాయి. మామూలు రకం ధూళిని, పుప్పొడిని ఆపుతుంది గాని పొగలోని వాయువులను ఆపలేదు. బొగ్గుపొడి కలిపిన రకం వాసనలను కొంత తగ్గిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఇది ఒక తోడు మాత్రమే, మందు కాదు.

ఇక మిత్రుని ప్రశ్న. ఒకచోట సర్వీసుకిచ్చినప్పుడు బిల్లులో క్రొత్త ఫిల్టరు ధరా, అమర్చిన కూలీ రెండూ వేశారు. ఇంటికి వచ్చి తెరిచి చూద్దును గదా, పాతదే ఒక వేపాకుతో సహా సుఖాసీనమై ఉన్నది! అందరూ అలాంటివారని నేననను. అయితే చూడడం వచ్చినవాడికే అడిగే అధికారం వస్తుంది. చేతికి మసి అంటే పాండిత్యం తరిగిపోతుందన్న భావం మనలో ఎక్కడి నుండి చేరిందో నాకు అంతుపట్టదు. తాళపత్రాన్ని చదును చేసి, గంటంతో గీసి, మసి పూసి తుడిచి చదువుకున్నవారి విద్యార్థులం మనం. వారి వేళ్ళకు మసి అంటకుండా ఏ కావ్యం మన దాకా వచ్చింది?

అన్నట్టు, కొనడానికి వెళ్ళేటప్పుడు కారు పేరూ, తయారైన సంవత్సరమూ చీటీ మీద వ్రాసుకుని వెళ్ళండి. వీలైతే పాతదానిని సంచిలో చుట్టి తీసుకుపోండి. ఒకే పేరు గల కారుకు సంవత్సరాన్ని బట్టి కొలతలు మారుతుంటాయి, అరంగుళం తేడా వస్తే అంచున సందు మిగిలి దుమ్ము అటునుంచి వచ్చేస్తుంది. మా ఊళ్ళో అడిగితే చోడవరం వెళ్ళమన్నారు, చోడవరంలో లేకపోతే అనకాపల్లి.